వారమున కొక్క మాత్ర



గత వేసవిలో ఒక సాయంకాలము నాచారమున మా ప్రక్కయింటి పెద్దమ్మగారు వచ్చి మా యరుగుపై కూర్చుండి, నోటినిండ పుండ్లు పడినవనియు, మెతుకు మ్రింగుట కష్టముగా నున్నదనియు చెప్పిరి. తాంబూలములో సున్న మెక్కువైనదేమో యని యామె యనుమానము. సున్నముచే నోరు పొక్కిన క్రమముగా మానును. ఇవి దినదినము పెరుగుచున్నవట. ఆమె కీళ్లవాతమునకు మందు పుచ్చుకొనుచున్న సంగతి నే నెరుగుదును గనుక మందుల సంచి తెప్పించి చూచితిని. అందులో నొక చిన్న పసుపుపచ్చ మాత్రల పట్టీలో ఐదు మాత్రలు ఖాళీయై యున్నవి. చీటిపై ఆ మాత్ర కెదురుగా "వారమున కొకటి" యని స్పష్టముగా వ్రాసి యున్నది.

"బిడ్డా, వారానికొక్కటంటే ఎన్నటికి తగ్గుతది? ఐదు దినాల సంది రోజొకటి ఏసుకుంటున్న. జల్ది తగ్గాలె గదా!" అనిరి పెద్దమ్మగారు.

నా గుండె గుభేలుమన్నది. ఆ గంటలోనే ఆమె కుమారుని బిలిపించి, మాత్రల పట్టీతో సహా ఆమెను ఆసుపత్రికి గొనిపోయితిమి. అచ్చట జరిగిన దానిని పిమ్మట చెప్పెదను. ఆ రాత్రి యింటికి వచ్చిన తరువాత మా వదినగారు వేసిన ప్రశ్నయే ఈ మాసపు వ్యాసమునకు మూలము. "వారమున కొకటి వేసిన మందైన మాత్ర దినమున కొకటి వేసిన విషమెట్లగును? ఏడు మాత్రలు ఏడు దినములలో మ్రింగుట అంత పెద్ద నేరమా?" అని యామె యడిగెను. మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పవలెనన్న, మన శరీరములో కంటికి కనబడకుండ జరుగు నొక పోటీని గూర్చి తెలిసికొనవలెను.

ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కి తార్నాక వైపు పోవునప్పుడు పెద్ద పెద్ద పరిశోధనాలయముల ఫలకములు కనబడును. 1944వ సంవత్సరమున హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా మొదలై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయైనది అచ్చటనే కలదు. దాని యాశ్రయముననే 1977లో మొలకెత్తి వేరుపడిన కణజీవశాస్త్ర కేంద్రమును, సీ.సీ.ఎం.బి. యని మనవారు పిలుచునది, హబ్సిగూడలో నున్నది. డి.ఎన్.ఏ. పరీక్షల కేంద్రము ఒకప్పుడు మా నాచారముననే యుండి నేడు ఉప్పలునకు చేరినది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరునుండి తరలివచ్చినది. ఈ గోడల వెనుక పనిచేయువారి నోట నిత్యము నానుమాట "ఎంజైము." మనము ఆ గోడల ప్రక్కనుండియే కూరగాయల సంచులతో నడచి పోవుచుందుము గాని లోపలి మాట మన యిండ్లకు రాదు. మందుల రూపమున మాత్రము వచ్చుచునే యున్నది.

ఎంజైమన నేమి? పాలు పెరుగగుటలోను, పిండి పులియుటలోను, తిన్న యన్నము జీర్ణమగుటలోను, ఒక పదార్థమును వేరొక పదార్థముగా త్వరితగతిని మార్చు మాంసకృత్తు ఎంజైము. తాను మారదు, తరుగదు. పని ముగిసిన వెంటనే మరొకదానిని చేపట్టును. ప్రతి ఎంజైమునకును దేహముపై నొక చిన్న గుంట యుండును. మార్చవలసిన పదార్థము వచ్చి ఆ గుంటలో నిముడవలెను. ఇమిడినదే పనికివచ్చును, ఇమడనిది తొలగిపోవును.

పెండ్లి బంతిని దలచుకొనుడు. పీటలు వేసి, ఆకులు పరచి, వడ్డించువారు సిద్ధముగా నున్నారు. అతిథి వచ్చి పీటపై కూర్చుండును, భుజించును, లేచి పోవును. ఆ పీటపై మరియొకరు కూర్చుందురు. ఇంతలో పట్టు పంచె కట్టి, బొట్టు పెట్టుకొని, అచ్చముగా చుట్టమువలెనే యున్న యొకడు వచ్చి పీటపై కూర్చుండెను. ఆకులో వడ్డించిన దానిని ముట్టడు. లేవుమన్న లేవడు. వాడు కూర్చున్నంత సేపు ఆ పీట వ్యర్థము. వాడు పీటను విరుగగొట్టలేదు, వడ్డించువారిని తిట్టలేదు. చోటు మాత్రము ఆక్రమించినాడు. ఎంజైము విషయమున ఇట్టి వేషధారిని పోటీ నిరోధకమందురు. అసలు పదార్థమునకు దగ్గరి పోలిక గల్గి, గుంటలో నిమిడి, మార్పు చెందక కూర్చుండునది యని యర్థము.

ఇక్కడ గమనింపవలసిన దొకటి కలదు. నిజమైన చుట్టములు గుంపులు గుంపులుగా వచ్చినచో, ఖాళీయైన ప్రతి పీటను వారే ముందుగా దక్కించుకొందురు. వేషధారికి చోటు దొరకదు. కావున ఈ పోటీలో గెలుపోటములు సంఖ్యపై నాధారపడి యుండును. లెక్క చూడుడు. ఒక ఎంజైము పూర్తి శక్తితో పనిచేసిన 100 పాళ్లు పని చేయుననుకొందము. ఒక మానిక పదార్థము పోసినప్పుడు 50 పాళ్లు పని జరిగినది. ఇప్పుడు కొంత పోటీ నిరోధకమును కలిపితిమి. అదే యొక మానికకు పని 33 పాళ్లకు దిగిపోయినది. మరల 50 పాళ్లు కావలెనన్న రెండు మానికలు పోయవలెను. పది మానికలు పోసిన 83, నూరు మానికలు పోసిన 98 పాళ్లు జరుగును. అనగా పూర్తి శక్తి యెక్కడికిని పోలేదు. దానిని చేరుటకు ఎక్కువ సరకు కావలసి వచ్చినది. పీటలనే విరుగగొట్టు జాతి నిరోధకములు వేరుగా నున్నవి. సగము పీటలు విరిగిన తరువాత వేయి మానికలు పోసినను 50 పాళ్లు దాటదు. ఈ రెంటికి భేదము తెలిసికొనుట వైద్యునకు చాల ముఖ్యము.

ఈ లెక్కలకు మూలమైన సమీకరణమును 1913లో బెర్లిను నగరమున లియొనార్ మికేలిస్, మాడ్ మెంటెన్ అను నిరువురు ప్రకటించిరి. మాడ్ మెంటెన్ కెనడా దేశపు స్త్రీ, వైద్యురాలు. చక్కెరను రెండుగా చీల్చు నొక ఎంజైమును వారు పరీక్షించిరి. చీలగా వచ్చిన తీపి పదార్థములే మరల వచ్చి ఆ గుంటలో కూర్చుండి పనికడ్డు తగులుటను గూడ వారు లెక్కకట్టిరి. నేటికిని జీవరసాయనశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు ఆమె పేరు పలుకకుండ ముందుకు పోజాలడు. మన బాలికలకు ఈ సంగతి చెప్పవలెనని నా కోరిక.

ఇక మాత్ర సంగతికి వత్తము. అది ఎవరి వేషము వేసికొని వచ్చినదో చూడవలెను.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భవతులైన పేద స్త్రీలు రక్తహీనతచే పాలిపోయి మరణించుటకు గల కారణమును వెదకెను. నేటి తార్నాక సంస్థకు పుట్టినిల్లయిన కూనూరునను ఆమె కొంతకాలము పనిచేసెను. అగ్గువ తిండిలో ఏదియో లోపించుచున్నదనియు, ఈస్టు సారమును తినిపించిన ఆ స్త్రీలు కోలుకొనుచున్నారనియు 1931లో ప్రకటించెను. ఆ లోపించిన పదార్థమునే పాలకూర ఆకులనుండి 1941లో వేరుచేసి, లాటిను భాషలో ఆకను నర్థము వచ్చునట్లు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. ఆశా కార్యకర్త గర్భవతుల కిచ్చు ఇనుప మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గూడ నుండుట అందుకే.

ఫోలిక్ ఆమ్లము కణములకు ఊరక పనికిరాదు. ఒక ఎంజైము, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజను దీర్ఘనామము గలది, దానిని పనికివచ్చు రూపమునకు మార్చవలెను. ఆ రూపము లేనిదే కొత్త డి.ఎన్.ఏ. తయారుకాదు, డి.ఎన్.ఏ. లేనిదే కణము రెండు కాజాలదు. వేగముగ విభజనమగు కణములకు దీని యవసర మెక్కువ. ఎముకలలోని మూలుగ, నోటి లోపలి పొర, ప్రేగుల పొర, గర్భములోని శిశువు, మరియు క్యాన్సరు కణములు: ఇవి దీనికై ఎక్కువ యాకలిగొని యుండును.

ఈ యెంజైము పీటపై కూర్చుండు వేషధారిని తయారు చేసినది మన తెలుగువాని బృందమే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రి సేవకుడుగా పాచిపని చేయుచు చదువుకొనిరి. తోబుట్టువు సంగ్రహణి వ్యాధితో మరణించెను. తానును ఆ వ్యాధితోనే బాధపడిరి. ఆ సంగ్రహణికి పనిచేయునదే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి, వారి బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారు చేసినది. మామగారు ప్రయాణమునకు ధనసహాయము చేసి పంపగా వెళ్లిన సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. ఆయన కీర్తిని వ్రాయువారు ఈమె నిరీక్షణమును ఒక వాక్యముతో సరిపుచ్చుదురు. నేనును అదే చేయుచున్నాను గాని, చేయుచున్నానని యెరిగి చేయుచున్నాను.

బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు మందులిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు బదులు మరింత విజృంభించినది. ఆహార మిచ్చిన పెరుగుచున్నదనిన, ఆ యాహారమునకు అడ్డు వేసిన తగ్గవలెను గదా! సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట ఆక్సిజను నుండవలసిన తావున నత్రజనిని నిలిపి అమినోప్టెరిన్ అను దానిని చేసి పంపినది. తక్కిన రూపమంతయు ఫోలిక్ ఆమ్లమే. ఎంజైము మోసపోయినది. ఫార్బరు 16 మంది పిల్లలకు దాని నిచ్చి చూడగా 10 మందికి తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గినదని 1948 జూనులో ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధి వచ్చిన బిడ్డకు తల్లి చేయదగిన దేమియు లేకుండెను. ఆ సంవత్సరము ఆగష్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. అమినోప్టెరిన్‌కు మరికొంత సవరణ చేయగా వచ్చినదే మెథోట్రెక్సేటు. మా పెద్దమ్మగారి పసుపుపచ్చ మాత్ర అదియే.

క్యాన్సరు మందు కీళ్లకేల యని మీ రడుగవచ్చును. చాల తక్కువ మోతాదులో, వారమున కొకమారు ఇచ్చిన, తన కీళ్లను తానే కొరుకుకొను రక్షణశక్తిని అది శాంతింపజేయును. 1988లో అమెరికా ప్రభుత్వము ఈ వాడుకకు అనుమతి నిచ్చినది. నేడు కీళ్లవాతమునకు మొట్టమొదట వ్రాయబడు మందు ప్రపంచమంతట ఇదియే. ఈ తక్కువ మోతాదు పనిచేయుటలో పైన చెప్పిన యెంజైముకంటె వేరు మార్గములకే ప్రాధాన్యము హెచ్చని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కనుకనే దానితో పాటు ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిచ్చినను కీళ్లకు కలుగు మేలు చెడదు. నోటిపూత, వికారము మొదలగు బాధలు మాత్రము తగ్గును.

ఇప్పుడు మా వదినగారి ప్రశ్నకు సమాధానము. ఈ వేషధారి సామాన్యుడు కాడు. అసలు పదార్థముకంటె సుమారు వేయి రెట్లు గట్టిగా పీటను పట్టుకొనును. పైగా కణములోనికి పోయిన తరువాత దానికి కొన్ని తోకలు తగిలించబడి, వెలుపలికి పోలేక చాలదినములు లోపలనే నిలుచును. అందుచే వారమున కొక మాత్రయే వారమంతయు పనిచేయును. మాత్ర వేసిన దినమున మూలుగయు, నోటి పొరయు కొంత దెబ్బతిన్నను, తక్కిన దినములలో కొత్త కణములను పుట్టించుకొని కోలుకొనును. దినమున కొకటి చొప్పున వేసినచో ఆ తెరపి యుండదు. లేచిపోవు వేషధారి స్థానమున మరొకడు వచ్చి కూర్చుండుచునే యుండును. మొదట నోటిలో పుండ్లు, పిమ్మట విరేచనములు, జ్వరము, చర్మముపై మచ్చలు, చిగుళ్లనుండి రక్తము. మూలుగ యెండి తెల్లకణములు తరిగిపోయి ప్రాణము మీదికి వచ్చును. మొత్తము మోతాదుకంటె తెరపి లేకపోవుటయే ఇచ్చట ఎక్కువ హాని చేయును. ఇట్టి పొరబాటుచే అనేక దేశములలో మరణములు సంభవించుటవలన, 2019లో ఐరోపా ఔషధ సంస్థ ఈ మందు పెట్టెలపై హెచ్చరిక ముద్రింపవలెననియు, చీటిపై ఏ వారము వేసికొనవలెనో వ్రాయవలెననియు నిర్ణయించినది.

నిజమైన చుట్టములను గుంపుగా పంపిన వేషధారి యోడునని ముందు చెప్పితిని గదా, అట్లయిన ఫోలిక్ ఆమ్లమును దోసిళ్లతో పోసిన సరిపోదా? వేయి రెట్లు గట్టిగా పట్టుకొన్నవానిని లేపుటకు ఎంత పోయవలెనో ఊహించుకొనుడు, సాధ్యము కాదు. ఇచ్చట వైద్యులు పన్నిన యుపాయము నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. పీటల చావడిలోనికే పోకుండ, పెరటి దారిని వండిన యన్నమును పంపుదురు. ఫోలినిక్ ఆమ్లమను నొక మందు కలదు. అది అప్పటికే పనికివచ్చు రూపమునకు మార్చబడిన ఫోలేటు. దానికి ఆ యెంజైముతో పని లేదు. వేషధారి పీటపై కూర్చుండి యుండగానే కణమునకు కావలసినది చేరిపోవును.

పెద్దమ్మగారికి ఆసుపత్రిలో చేసినది అదియే. రక్తము పరీక్షింపగా తెల్లకణములు తగ్గియున్నవి. మూత్రపిండములు అదృష్టవశమున బాగుగ నున్నవి. ఈ మందు మూత్రపిండముల ద్వారముననే వెలికి పోవును గనుక వైద్యుడు మొదట అడిగినది వానిని గూర్చియే. మాత్రలన్నియు మాన్పించి, ఫోలినిక్ ఆమ్లమును సూదిమందుగా నిచ్చి, ఆరు దినములు అచ్చటనే యుంచుకొనిరి. ఏడవ దినమున ఆమె పెరుగన్నము తినిరి. మేము మరి రెండు మూడు దినములు తాంబూలమునే నిందించుచు కూర్చుండిన ఏమయ్యెడిదో తలచుకొనుటకు నాకిప్పటికిని భయము.

మీ యింట నెవరైనను ఈ మాత్ర వాడుచున్నచో కొన్ని సంగతులు మనస్సున నుంచుకొనుడు. ఒక వారము మరచిపోతిమని మరువారము రెట్టింపు వేయరాదు, వైద్యు నడుగవలెను. ఫోలిక్ ఆమ్లపు మాత్రయు చూచుటకు చిన్నదే, పసుపుపచ్చనిదే గావచ్చును. రెంటిని ఒక డబ్బాలో పోయుట ప్రమాదము. మూత్రపు మంటకో, దగ్గుకో దుకాణమున అడిగి తెచ్చుకొను సెప్ట్రాన్ మాత్ర దీనితో కలియరాదు. అందులోని ట్రైమెథోప్రిమ్ అనునదియు ఇదే యెంజైము పీటకు పోటీదారు. గెర్ట్రూడ్ ఎలియన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు, ఆమె సహోద్యోగి హిచింగ్సు, వారి బృందము కనుగొనిన మందు అది; ఇట్టి పరిశోధనలకే వారిరువురికి 1988లో నోబెలు బహుమతి వచ్చినది. సూక్ష్మక్రిముల యెంజైమును వేల రెట్లు గట్టిగా పట్టి, మన యెంజైమును మాత్రము కొంచెముగా తాకుట దాని ప్రత్యేకత. ఆరోగ్యవంతుల కా కొంచెము లెక్కలోనిది కాదు. మెథోట్రెక్సేటు వాడువారికి ఆ కొంచెమే మూలుగను ఆర్పివేయగలదు. నొప్పి మాత్రలను గూడ తమంతట తాము కొని మ్రింగరాదు. కొన్ని మూత్రపిండముల పనిని మందగింపజేసి ఈ మందును లోపల నిలుపును.

కోడండ్రకు, కూతుండ్రకు మరియొక మాట. ఈ మాత్ర వాడుచు గర్భము ధరింపరాదు. శిశువునకు ఫోలేటు ఎంత యవసరమో పైన చూచితిమి. దాని నడ్డగించిన పిండము చెడును, లేదా అంగవైకల్యము కలుగును. సంతానము కోరునప్పుడు కొన్ని నెలలు ముందుగానే వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలెను. అత్తగారి మాత్రను కోడలి కాలినొప్పికి "ఒకటి వేసి చూడు" అని యిచ్చుట మన యిండ్లలో నున్న యలవాటే గనుక చెప్పుచున్నాను.

పెద్దమ్మగారికి రక్తకణములు సరియైన తరువాత, వైద్యుడు రెండు నెలలు ఆగి, మరల ఆ మాత్రనే తక్కువ మోతాదుతో మొదలుపెట్టెను. వంటయింటి గోడమీది క్యాలెండరులో ఆదివారముల చుట్టు ఎర్రసిరాతో సున్నలు చుట్టితిమి. గురువారముల చుట్టు ఆకుపచ్చ సున్నలు. అవి ఫోలిక్ ఆమ్లమునకు. పసుపు మాత్రల పట్టీ కుమారుని బీరువాలో నుండును; వారమున కొక్కటే బయటికి వచ్చును. మొన్న ఉదయము నేను ముగ్గు వేయుచుండగా ఆమె ప్రహరీగోడ మీదుగా తొంగిచూచి, చేతిలోని మాత్రను చూపి, "ఇయ్యాల ఐతారమే గదా బిడ్డా?" అని యడిగి, నేను ఔనన్న తరువాత నీళ్లు త్రాగిరి.